ట్యూటరే కదా అనకండి

మొన్న శనివారం మా వర్క్‌షాప్‌కి ఒకాయన వచ్చాడు. పాత చెక్క గ్లైడర్లంటే ప్రాణం పెట్టే మనిషే, వాటికోసం యూరప్ అంతా తిరిగినవాడే. పైన కప్పిన గుడ్డ ఊడదీసి బల్లల మీద పెట్టిన రెక్కని దూరం నుంచి చూసి గబగబా వచ్చాడు, లోపలి అడ్డపట్టీల (రిబ్బుల) మీద చెయ్యి వేసాడు, ఒక్క నిమిషంలో అదేంటో పోల్చుకుని "ఓ, ట్యూటరా" అన్నాడు, ట్యూటరంటే ఎగరడం నేర్చుకోడానికి చేసిన మామూలు గ్లైడర్. అంతే. ఇంక ఆ రెక్క వైపు చూడలేదు, టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజంతా మనసు బాలేదు. ఆయన మీద కోపం కాదు, మూడేళ్ళ క్రితం ఇది దొరికిన ట్రైలర్ తలుపు తీసినరోజు మా వాళ్ళలో ఇద్దరు సరిగ్గా ఇదే మాట అన్నారు, నేనూ లోపల్లోపల అనుకున్నా. ఆ మాట తప్పని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది, అది చెప్దామనే రాస్తున్నా.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. వించ్‌తో కేబుల్ లాగి గాల్లోకి లేపుతారు, లేదా ఇంకో విమానం తాడు కట్టి పైకి తీసుకెళ్ళి వదిలేస్తుంది, ఆ తర్వాత అంతా గాలిదే. మన ఊళ్ళల్లో ఎండాకాలం మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి కదా, నేల వేడికి లేచే ఆ గాలినే పట్టుకుని గ్లైడర్ కూడా పైకెళ్తుంది. నేను ఇంగ్లాండ్ వచ్చి పదకొండేళ్ళు, బేసింగ్‌స్టోక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దగ్గర్లోనే లాషమ్ అని రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ ఉంది, ఇప్పుడు గ్లైడింగ్‌కి పెద్ద పేరున్న చోటు. పాత గ్లైడర్ల హెరిటేజ్ సెంటర్ కూడా అక్కడే ఉంది. ఒక ఆదివారం ఊరికే చూడ్డానికి వెళ్ళి ఆ హ్యాంగర్లో నిలబడ్డాను, చెక్కా వార్నిష్ కలిసిన వాసన ముక్కుకి తగిలింది, తణుకులో మా నాన్న వడ్రంగి కొట్టు గుర్తొచ్చింది. అంతే, ఆ తర్వాత శనివారాలన్నీ ఈ పనికే పోయాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ పాత గ్లైడర్ల లోకంలో అందరూ వెతికేది మినిమోవా లాంటివాటిని. 1935లో జర్మనీలో వోల్ఫ్ హిర్త్ వాళ్ళు చేసిన గ్లైడర్ అది, 17 మీటర్ల రెక్క, సీగల్ పక్షి రెక్కలాగా మొదట్లో పైకి లేచి మధ్యలో వంగి చివర వెనక్కి తిరిగి ఉంటుంది. నేను ఒకసారి దాని పక్కన నిలబడ్డాను, మాట రాలేదు, చెక్కతో మనుషులు ఇంత అందమైనది చెయ్యగలిగారా అనిపించింది. కాబట్టి దాన్ని ఇష్టపడేవాళ్ళని నేను తప్పు పట్టను. చేసినవే ఓ 110 దాకా, మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, ఎక్కడైనా ఒక రెక్క ముక్క దొరికిందంటే పది దేశాల వాళ్ళు ఫోన్లు చేసుకుంటారు. కానీ నేననేది ఏంటంటే, మినిమోవాకి ఇప్పుడు నా అవసరం లేదు. దాన్ని ఇంక ఎవ్వరూ కాల్చెయ్యరు, డబ్బు పెట్టేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. పోయేవి వేరేవి. ఒకప్పుడు ప్రతి క్లబ్బులోనూ ఉన్నవి, అందరూ ఎక్కి నేర్చుకున్నవి, అందరూ ఉన్నాయిలే అనుకున్నవి.

అసలు ఒక గ్లైడర్ అరుదైపోవడం ఎలా జరుగుతుందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వర్సాయ్ ఒప్పందం వల్ల జర్మనీలో ఇంజన్ విమానాల మీద ఆంక్షలు పడ్డాయి, దాంతో కుర్రాళ్ళందరూ రోన్ కొండల్లో వాసర్‌కుప్పె అనే 950 మీటర్ల కొండ మీదకి చేరి ఇంజన్ లేకుండా ఎగరడం మొదలుపెట్టారు, 1920 నుంచి అక్కడ పోటీలు. ఆ ఊపులోంచే గ్రునావ్ బేబీ లాంటి గ్లైడర్లు వచ్చాయి, ఎడ్మండ్ ష్నైడర్ డిజైన్, వేలల్లో తయారైంది, ప్లాన్లు తెప్పించుకుని ఎన్నో దేశాల్లో ఇళ్ళ దగ్గర కూడా కట్టుకున్నారు. 1945లో జర్మనీ ఓడిపోయాక అక్కడి గ్లైడర్లని కుప్పలు పోసి నాశనం చేసారు, 1951 దాకా అక్కడ గ్లైడింగే నిషేధం. ఇది శత్రువులు చేసిన పని, చరిత్రలో రాసుంది. కానీ తర్వాత జరిగిందాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1957లో జర్మనీలోనే ఫీనిక్స్ అని మొదటి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ ఎగిరింది, ఇంకో ఇరవై ఏళ్ళకల్లా చెక్కది పాతబడిపోయింది, ఇష్టంగా దాన్ని ఎగరేసిన క్లబ్బుల వాళ్ళే స్థలం లేదని ట్రైలర్లో పెట్టి చెట్ల కింద వదిలేసారు, కొన్నిటిని మంటల్లో వేసారు. నా లెక్కలో ఆ చెట్ల కింద ట్రైలర్లు తక్కువ నష్టం ఏం చెయ్యలేదు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, ఇంకా చాలా ఉన్నాయిగా అనుకున్నారు, అంతే.

ట్యూటర్ సరిగ్గా అలాంటిదే. యార్క్‌షైర్‌లో కర్బీమూర్‌సైడ్ అనే ఊళ్ళో ఫ్రెడ్ స్లింగ్స్‌బీ కంపెనీ 1936లో క్యాడెట్ అని ఒక నేర్చుకునే గ్లైడర్ చేసింది, దానికే కాస్త పొడుగు రెక్క, 13.2 మీటర్లది, పెట్టి 1937లో ట్యూటర్ చేసారు. ఒక్క సీటు, మొహానికి గాలి కొడుతుంది, రెక్కకి కింద నుంచి ఊతంగా స్ట్రట్‌లు. యుద్ధం రోజుల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు పదహారు, పదిహేడేళ్ళ క్యాడెట్ కుర్రాళ్ళకి వీటిమీదే నేర్పారు. ఒక్క సీటు అన్నానుగా, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండడు! మొదట నేల మీదే ఈడ్చేవాళ్ళు, రెక్కలు లెవెల్‌గా పట్టుకోవడం వచ్చాక ఒక చిన్న గెంతు, అది వచ్చాక ఇంకాస్త ఎత్తు. ఇలా ఒంటరిగా నేర్చుకున్నారు. తర్వాతి కాలంలోనే సెడ్‌బర్గ్ లాంటి పక్కపక్క సీట్ల గ్లైడర్లు వచ్చి ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చున్నాడు. 1980ల్లో ఎయిర్ క్యాడెట్స్‌కి ఫైబర్‌గ్లాస్‌వి వచ్చాక మిగిలిన చెక్కవాటినన్నిటినీ పక్కన పెట్టేసారు.

మాది లింకన్‌షైర్‌లో ఒక పొలం దగ్గర దొరికింది. ఇక్కడ గ్లైడర్లకి గ్లైడింగ్ అసోసియేషన్ వాళ్ళు ఒక నంబర్ ఇస్తారు, ఏటేటా ఇన్‌స్పెక్షన్ జరగాలి, కాబట్టి పాత రిజిస్టర్లు తిరగేస్తే ఫలానా నంబర్ ఫలానా ఏడాది తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి రాలేదు అని తెలుస్తుంది, అప్పటి క్లబ్ ఏదో చూసి ఆ క్లబ్బులో పెద్దవాళ్ళని అడగాలి, వాళ్ళు "అది ఫలానావాడు కొనుక్కున్నాడు, తర్వాత ఊరు మారాడు" అంటారు, అక్కణ్ణుంచి ఉత్తరాలు. ఇంటర్నెట్‌లో దొరికేది చాలా తక్కువ, కాయితం మీద సిరాతో రాసి తపాలాలో వేసిన ఉత్తరాలకే జవాబులొస్తాయి, ఎందుకంటే జవాబు ఇవ్వాల్సినవాళ్ళకి ఎనభై దాటి ఉంటాయి. మాకు జవాబు రాసినావిడ భర్త పోయి చాలా ఏళ్ళైంది, ట్రైలర్ షెడ్డు వెనకాల దురదగొండి లాంటి ముళ్ళాకు మొక్కల్లో కూరుకుపోయి ఉంది. తలుపు తీస్తే ముందు ఎలుకల కంపు, తర్వాత పాత జున్ను లాంటి ఇంకో వాసన. ఆ రెండో వాసన గురించి తర్వాత చెప్తా. ఆవిడ మాకు టీ ఇచ్చి, వంటింట్లోంచి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. అందులో లాగ్‌బుక్, ఆ గ్లైడర్ ఎగిరిన లెక్కలన్నీ రాసిన పుస్తకం.

నా అభిప్రాయం మార్చింది ఆ లాగ్‌బుక్కే. గొప్ప గ్లైడర్ల లాగ్‌బుక్కులు చూసా, ఐదు గంటలు, ఆరు గంటలు, రెండొందల కిలోమీటర్లు, పోటీల పేర్లు. ఇందులో అలాంటివేం లేవు. ఒక రోజు 31 లాంచ్‌లు, మొత్తం గంటా ముప్ఫై ఐదు నిమిషాలు. ఇంకో రోజు 24 లాంచ్‌లు, గంటా పది. అంటే ఒక్కో ఎగురు మూడు నిమిషాలు. పేజీ తర్వాత పేజీ అంతే, మూడు నిమిషాలు, మూడు నిమిషాలు. ఆ ప్రతి మూడు నిమిషాల్లో ఒక కుర్రాడు ఉన్నాడు, జీవితంలో మొదటిసారి నేల వదిలిన కుర్రాడు, వాడి పేరు అక్కడ లేదు. రికార్డులు కొట్టినవాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట ఉంటాయి. వీళ్ళకి మిగిలిన ఆనవాలు ఆ సీటు, ఆ కంట్రోల్ స్టిక్, ఆ అంకెలు.

ఇంక పని గురించి, ఎందుకంటే నా వాదనలో సగం దాన్లోనే ఉంది.

చెక్క గ్లైడర్లో చెక్క సాధారణంగా చెడదు. స్ప్రూస్ కర్ర పొడిగా ఉంటే వందేళ్ళు ఉంటుంది, పైన వేసే బర్చ్ ప్లైవుడ్ ఒక మిల్లీమీటర్ మందం ఉంటుంది, కొన్నిచోట్ల అంతకన్నా పల్చన, అదీ ఉంటుంది. చెడేది బంక. 1930ల్లో ఎక్కువగా వాడింది కేసీన్ బంక, అంటే విరిగిన పాలలోంచి తీసిన గట్టి పదార్థాన్ని సున్నంతో కలిపి చేసేది. నాన్నకి ఫోన్‌లో చెప్తే "పాల విరుగుతో విమానం అతికించారా ఏరా?" అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు. తర్వాత తనే "మేం వజ్రం బంక కాచేవాళ్ళం కదరా, అది తోలుతో చేసింది, వానాకాలం అదీ ఇంతే, చెమ్మ తగిలితే వదిలేసేది" అన్నాడు. సరిగ్గా అదే జబ్బు. కేసీన్‌కి తేమ తగిలితే బూజు పడుతుంది, బూజు దాన్ని తినేస్తుంది, ట్రైలర్ తలుపు తీయగానే వచ్చిన జున్ను వాసన అదన్నమాట. తర్వాత కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రూయిన్ అనే ఆయన ఏరోలైట్ అని కృత్రిమ బంక తెచ్చాడు, ఒక చెక్కకి బంక, రెండో చెక్కకి యాసిడ్ హార్డెనర్ రాసి కలిపి బిగిస్తారు. ఇది బూజుకి లొంగదు. కానీ రెండు చెక్కల మధ్య సందు ఉండి బంక మందంగా పడితే మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళిచ్చి గాజులా పెళుసైపోతుంది.

తేమా వేడీ ఏం చేస్తాయో మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1944 చివర్లో ఇండియాలో ఉన్న బ్రిటిష్ మస్కిటో యుద్ధవిమానాలు, అవీ చెక్కవే, కొన్ని రెక్కలు విరిగి కూలిపోయాయి, కొన్నాళ్ళు వాటిని నేల మీదే ఆపేసారు. మన వాతావరణం ఒకటీ, ఫ్యాక్టరీలో అతుకులు సరిగ్గా కూర్చోకపోవడం ఒకటీ, రెండిటి మీదా అప్పట్లో పెద్ద చర్చ నడిచింది.

అందుకే మొదటి ఏడాదంతా మేం ఏమీ కట్టలేదు, విప్పాం. టార్చి, పళ్ళ డాక్టరు అద్దం, చిన్న కెమెరా రెక్కలోకి పంపి ప్రతి అతుకూ చూడ్డం. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవడం, గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది, వదిలేసినచోట డొల్ల చప్పుడు. అనుమానం వస్తే ఒక అతుకుని సన్న ఉలితో విడదీసి చూస్తాం. విడిపోయిన ముఖాల మీద చెక్క నార చిరిగి అంటుకుని ఉంటే బంక మంచిది, చెక్కే ముందు ఓడిపోయిందన్నమాట. ముఖం నున్నగా మెరుస్తూ ఉంటే మాత్రం ఆ అతుకు ఎప్పుడో చచ్చిపోయింది, అలవాటుకొద్దీ నిలబడి ఉంది. మా ఎడమ రెక్క మొదలు దగ్గర, ఇనప ఫిట్టింగ్ చుట్టూ చెక్క నల్లగా అయిపోయి ఉంది, ఇనుము తుప్పు తడితో కలిసి చెక్కలోకి దిగితే అలా అవుతుంది. అక్కడ స్పార్, అంటే రెక్కకి వెన్నెముక లాంటి దూలం, ముక్క కోసేసి కొత్తది అతకాల్సి వచ్చింది.

ఆ అతుకే స్కార్ఫ్. రెండు ముక్కల చివర్లని ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి అతుకుతారు, వాలు పన్నెండుకి ఒకటి, అంటే ఒక సెంటీమీటర్ మందం ఉన్న కర్రకి పన్నెండు సెంటీమీటర్ల పొడుగు వాలు. ఇంకా సన్నగా ఉంటే ఇంకా మంచిది. చిత్రిక పట్టి పట్టి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే సందులోంచి వెలుగు రాకూడదు. కొత్త కర్ర ఎంచుకునేటప్పుడు నార వాటం చూడాలి, పదిహేనుకి ఒకటి కన్నా ఎక్కువ పక్కకి జారిపోతే ఆ కర్ర పనికిరాదు, ముడి ఉంటే అసలే వద్దు. నేను కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని, చేతికి చిత్రిక అలవాటు లేదు, నాన్న కొట్లో చిన్నప్పుడు పొట్టు ఊడవడం తప్ప ఏం చెయ్యలేదు. నా మొదటి ఎనిమిది స్కార్ఫులు మా ఇన్‌స్పెక్టర్ చూసి పక్కన పెట్టేసాడు, తొమ్మిదోది ఒప్పుకున్నాడు. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే "చిత్రిక నువ్వు తోస్తున్నావ్, అది తోసేది కాదురా, నడుంతో కదిలించాలి" అన్నాడు. అదే రహస్యం.

ఇక్కడే నా వాదన. ఈ తొమ్మిది ప్రయత్నాలు నేను మినిమోవా మీద చెయ్యగలనా? ఎవరు చెయ్యనిస్తారు, చెయ్యనివ్వకూడదు కూడా. ట్యూటర్ స్పార్ తిన్నగా ఉంటుంది, రిబ్బులు సాదా, ఫ్యూజ్‌లాజ్, అంటే మనిషి కూర్చునే ఒడలు, పెట్టెలా ఉంటుంది. కుర్రాళ్ళకి ఎగరడం నేర్పినట్టే ఇది బాగుచెయ్యడం కూడా నేర్పుతుంది. మా గుంపులో పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది, డిగ్రీ చదువుతోంది, ఇప్పుడు నాకన్నా బాగా ప్లైవుడ్‌ని వేడినీళ్ళతో తడిపి రెక్క ముందు అంచుకి వంచుతుంది, రేపు వంకర రెక్కల గొప్ప గ్లైడర్ ఎక్కడైనా దొరికితే దాని మీద చెయ్యి వెయ్యగలిగేది తనే. మామూలువాటిని మనం వదిలేస్తే గొప్పవాటిని బాగుచేసే చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

సగం కొత్త చెక్క వేసాక అది పాత గ్లైడరే ఎలా అవుతుంది, విప్పకుండా మ్యూజియంలో పెట్టచ్చుగా అని మా క్లబ్బులోనే ఒక పెద్దాయన ఎప్పుడూ అడుగుతారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కొన్నిటిని ముట్టుకోకూడదనే నేనూ అంటాను. ఉదాహరణకి 1943 ఫిబ్రవరిలో విండర్‌మియర్ సరస్సు నీళ్ళ మీద నుంచి ఎగిరిన ఫాల్కన్ గ్లైడర్ ఉంది, పడవ అడుగు పెట్టి మార్చినది, ఇప్పుడు ఆ సరస్సు ఒడ్డునే మ్యూజియంలో ఉంది. దాన్ని ఎగరేద్దాం అంటే నేనే అడ్డం పడతా. కానీ ట్యూటర్‌ని తాళ్ళతో పైకప్పుకి వేలాడదీస్తే ఇంకో ముప్ఫై ఏళ్ళు దాని అతుకులు ఎవరూ చూడరు. ఎగిరేదాన్నైతే ఏటా ఒకళ్ళు విప్పి చూస్తారు, తట్టి చూస్తారు, చూడ్డానికి కొత్తవాళ్ళకి నేర్పుతారు. మేం తీసేసిన ప్రతి పాత ముక్కకీ చీటీ కట్టి, ఎక్కడిదో రాసి, పెట్టెలో పెడుతున్నాం. కావాలనుకున్నవాళ్ళు ఆ పెట్టె చూసుకోవచ్చు. 1973లో క్రిస్ విల్స్ పాత గ్లైడర్ల క్లబ్ పెట్టినప్పుడు కూడా ఉద్దేశం ఇదే, వీటిని ఎగురుతూ ఉంచాలని. ఆయన, ఆయనతో ఉన్నవాళ్ళు అప్పుడు పూనుకోకపోతే ఇవాళ మనం గొప్పవి అనుకుంటున్నవాటిలో చాలా ఉండేవి కావు, ఎందుకంటే 1973లో అవి ఇంకా ఎవరికీ గొప్పవి కావు, పాత సామాను.

స్థలం, డబ్బు, మనుషులు తక్కువ, అన్నీ దాచలేం, నిజమే. అన్నీ దాచమనట్లేదు. ఒక్కో రకంలో రెండో మూడో ఎగిరే స్థితిలో ఉంటే చాలు. కానీ ఆ రెండూ మూడూ ఎంచుకోవాల్సింది ఇంకా ఇరవై ఉన్నప్పుడు, దాన్ని ఎగరేసినవాళ్ళు బతికి ఉన్నప్పుడు. ఒక్కటే మిగిలాక ఎంచుకోవడానికి ఏముంది.

ఇదంతా రాస్తూ నేను అసలు ఆలోచిస్తున్నది మన దేశం గురించి. మనకీ సొంత చెక్క గ్లైడర్లున్నాయి, ఈ సంగతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది, సిగ్గేసింది. ఢిల్లీలో పౌరవిమానయాన శాఖ టెక్నికల్ సెంటర్ వాళ్ళు డిజైన్ చేసారు. 1958లో అశ్విని, 1961లో రోహిణి, 1963లో కార్తీక్. అశ్విని, రోహిణి మన నక్షత్రాల పేర్లే! రోహిణిలో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, ఇక్కడి సెడ్‌బర్గ్ లాగే, నేర్పడానికే చేసింది, హెచ్‌ఏఎల్ కూడా తయారుచేసింది. మన ట్యూటర్ అదే. పుణె దగ్గర హడప్సర్‌లో గ్లైడింగ్ సెంటర్ ఉంది, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో గ్లైడింగ్ నేర్చుకున్నవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు, మీ బాబాయో మేనమామో కావచ్చు, ఇప్పుడు డెబ్భైల్లో ఉంటారు. మా నాన్న స్నేహితుడొకాయనకి ఫోన్ చేసి రోహిణి అనగానే ఆయన గొంతు మారిపోయింది, సీట్లో కుడివైపు ఎవరు కూర్చునేవారో, కేబుల్ వదిలేటప్పుడు ఎలా చప్పుడయ్యేదో నలభై నిమిషాలు చెప్పారు. నేను రాసుకున్నా. మన ఎండకీ వానకీ కేసీనైనా ఇంకోటైనా ఇంగ్లాండ్‌లో ఆగినంతకాలం ఆగదు, మస్కిటోల సంగతి చెప్పాను కదా. కాబట్టి మనకి టైమ్ ఇంకా తక్కువ.

మీలో ఎవరికైనా ఏ పాత హ్యాంగర్ మూలనో, కాలేజీ గోడౌన్లోనో, షెడ్డులోనో అలాంటిది కనిపిస్తే, దయచేసి వెంటనే లాగి బయట పెట్టకండి, పట్టిన రెక్క చేతిలోనే విడిపోవచ్చు. ప్లాస్టిక్ పట్టా బిగించి చుట్టకండి, తేమ లోపలే ఉండిపోయి నెల రోజుల్లో పదేళ్ళ నష్టం చేస్తుంది. నేలకి తగలకుండా కింద ఇటుకలు పెట్టండి, గాలి ఆడేలా చూడండి, కాక్‌పిట్‌లో ఉండే చిన్న నంబర్ ప్లేట్‌కి ఫోటో తియ్యండి, రంగు మాత్రం గీకకండి, దాని కింద పాత నంబర్లుంటాయి. దాన్ని చూసుకున్న మెకానిక్‌ గారో ఆయన ఇంట్లోవాళ్ళో ఉంటే వెళ్ళి ఒక గంట కూర్చోండి, బీరువా పైన ఏమైనా పుస్తకం ఉందేమో అడగండి. లాగ్‌బుక్ దొరికితే ముందు దాన్ని పొడి చోట పెట్టండి, చెక్క సంగతి తర్వాత చూసుకోవచ్చు.